ఇంట్లో ఉన్న పాట వినడానికి ఎవరి అనుమతి కావాలి? స్ట్రీమింగ్ పరికరాల తయారీదారులకు, అధికారులకు బహిరంగ లేఖ

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులకు,
ఇళ్లలో వాడే వైర్‌లెస్ స్ట్రీమింగ్ పరికరాలను తయారుచేసే, దిగుమతి చేసే, అమ్మే సంస్థల యాజమాన్యాలకు,
ఆ సంస్థల్లో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు,

నమస్కారం.

మా ఇంట్లో ఒక వైర్‌లెస్ పాటల పెట్టె ఉంది. కంప్యూటర్లో దాచిన పాటలను వైఫై ద్వారా అందుకుని హాల్లోని యాంప్లిఫయర్‌కు పంపడం దాని పని. ఇలాంటి పెట్టెలు కొత్తగా వస్తున్న రోజుల్లో, 2005లో, మా అన్నయ్య అమెరికా నుంచి తెచ్చాడు. ఇప్పటికీ దీపం వెలుగుతుంది, రిమోట్ పనిచేస్తుంది. పాట మాత్రం రాదు. పాటలు, పెట్టె, వైఫై అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. లేనిదల్లా తయారీ సంస్థ సర్వర్, అంటే ఇంటర్నెట్ ద్వారా పెట్టె మాట్లాడే ఆ సంస్థ కంప్యూటర్. వారు దాన్ని మూసేశారు కాబట్టి మా ఇంటి పాట మా ఇంట్లో ఆగిపోయింది.

ఈ సంగతి ఆ సంస్థకు పలుమార్లు రాశాను. "ఈ మోడల్‌కు సపోర్ట్ ముగిసింది, మా కొత్త ఉత్పత్తులను పరిశీలించండి" అన్న ఒకే జవాబు, ఒకే మాటలతో వచ్చింది. కొంతకాలానికి అది కూడా రావడం మానేసింది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అదే జవాబు ఇవ్వగల సంస్థలు చాలా ఉన్నాయి, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆ పాటలు ఏమిటో చెప్పాలి. "ఏదో ఒక యాప్‌లో వినవచ్చు కదా" అని చాలామంది అంటున్నారు. మా నాన్నగారు ఏళ్ల తరబడి టేప్‌రికార్డర్ పక్కన కూర్చుని విజయవాడ ఆకాశవాణి నాటకాలు రికార్డు చేశారు. శ్రీరామనవమి పందిళ్లలో జరిగిన హరికథలు, ఊళ్లో తెల్లవారేదాకా ఆడిన పద్యనాటకాలు, పెళ్లిలో మా నాయనమ్మ పాడిన మంగళహారతి, అన్నీ ఆ క్యాసెట్లలో ఉన్నాయి. రిబ్బన్లు బూజు పట్టకముందే వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించాం. నెలకు ఎంత కట్టినా ఏ యాప్‌లోనూ దొరకని పాటలు ఇవి. ఇలాంటి సొంత నిధి మా ఒక్క ఇంట్లోనే ఉందని నేను అనుకోను. తెలుగు ఇళ్ల అటకల మీద ఎన్ని క్యాసెట్ల పెట్టెలు ఉంటాయో ఈ లేఖ చదివేవారికే తెలుసు.

ఇక మొదటి రోజు నుంచి నేటి దాకా మేము ఎదుర్కొన్న ఇబ్బందులను వరుసగా మీ ముందు ఉంచుతున్నాను. పాత సంగతులు ఇప్పుడెందుకు అనవద్దు. వీటిలో చాలా భాగం ఈనాటి కొత్త పెట్టెల్లోనూ అలాగే ఉన్నాయి.

1. అట్ట మీది అంకె వేరు, ఇంట్లో అందేది వేరు.

ఆ రోజుల్లో అట్టపెట్టెల మీద "11 మెగాబిట్లు", "54 మెగాబిట్లు" అని పెద్ద అక్షరాల్లో ఉండేది. మొదటిది 1999 నాటి 802.11బి అనే వైఫై ప్రమాణం, రెండోది 2003 నాటి 802.11జి. ఆ అంకెలు గాలిలో సంకేతాలకు సెకనుకు ఉండే గరిష్ఠ వేగం మాత్రమే. అసలు ఫైళ్లకు మిగిలేది సుమారు సగం, అదీ రూటర్ దగ్గరగా ఉంటేనే. డీవీడీలోని వీడియో సెకనుకు దాదాపు 10 మెగాబిట్ల దాకా అడుగుతుంది. 11 అని నమ్మి వీడియో పెట్టెలు కొన్నవారికి తెర మీద బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోవడానికి కారణం ఇదే.

పాటల పెట్టెకు ఆ సాకు కూడా లేదు. మేము దాచుకున్న ఎంపీ3లకు సెకనుకు 128 కిలోబిట్లు చాలు. 45 నిమిషాల క్యాసెట్ ఒక వైపు అంతా కలిపి 43 మెగాబైట్లు. 11 మెగాబిట్ల దారిలో ఇది నూటికి ఒక వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అయినా పాట తెగిపోయేది. వైఫై నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది 2.45 దగ్గర. కార్డ్‌లెస్ ఫోన్లు చాలావాటిదీ అదే దారి. మాది పాత ఇల్లు, 18 అంగుళాల ఇటుక గోడలు, మధ్య గదిలో ఇనుప బీరువా. ఆ బీరువా తలుపు బార్లా తీసినప్పుడల్లా హాల్లో పాట గొంతు పట్టుకుపోయేది. ఇవన్నీ ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఇంజనీర్లు వీటిని లెక్కలోకి తీసుకుని, కొన్ని నిమిషాల పాటను ముందే దాచుకునేంత మెమరీ పెట్టి ఉంటే సరిపోయేది. మా పెట్టె కొన్ని సెకన్ల పాటనే దాచుకునేది.

తెగిపోవడం ఒక బాధ అయితే, తెగిన చోటు గుర్తుపెట్టుకోకపోవడం అంతకు మించిన బాధ. హరికథ ఒకే ఫైలు. సీతమ్మ అశోకవనంలో ఉండగా వైఫై తెగితే, పెట్టె తిరిగి పాటల జాబితాకు వెళ్లిపోయేది. మళ్లీ మీట నొక్కితే గణపతి ప్రార్థన దగ్గర మొదలయ్యేది. ముందుకు జరపబోతే ఒక్కోసారి పూర్తిగా స్తంభించిపోయేది. "టేప్‌రికార్డర్ అయితే ఆపిన చోటు నుంచే పాడేది కదరా" అని మా అమ్మ అన్న మాటకు మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. టేపుకు మొదటి నుంచీ ఉన్న గుణాన్ని దాని స్థానంలో వచ్చిన యంత్రం ఎందుకు వదులుకోవాలి?

2. కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటికి.

కరెంటు వచ్చిన వెంటనే పెట్టె మేలుకుంటుంది. రూటర్ మేలుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. కంప్యూటర్ అయితే ఎవరో వెళ్లి ఆన్ చేయాలి. ఈలోగా పెట్టె వైఫై కోసం వెతికి, దొరకలేదని తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి, అక్కడే ఆగిపోతుంది. మళ్లీ ప్రయత్నించదు. ప్లగ్ తీసి పెట్టాలి. ఆ ప్లగ్ సోఫా వెనక, నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి వంగి తీయలేరు. "నిమిషానికోసారి మళ్లీ వెతుకు" అన్న ఒక్క సూచన సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఈ కష్టం ఉండేది కాదు. కరెంటు పోని ఊరిలో కూర్చుని తయారుచేసిన వస్తువు అని ఇక్కడే తెలిసిపోతుంది.

దీనికి తోడు పాట వినాలంటే కంప్యూటర్ కూడా నడుస్తూ ఉండాలి. 100 వాట్ల కంప్యూటర్ పది గంటలు నడిస్తే ఒక యూనిట్. రేడియో పెట్టుకోవడానికి అలవాటుపడ్డ ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. 2004 ఆగస్టులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ కంప్యూటర్‌కు ఫైర్‌వాల్‌ను, అంటే బయటి పరికరాలు లోపలికి రాకుండా ఆపే కాపలాను, దానంతట అదే తగిలించింది. భద్రతకు అది మంచి పనే. కానీ ఎన్నో ఇళ్లలో పాటల పెట్టెకు కంప్యూటర్ కనిపించకుండా పోయింది. అట్టలో వచ్చిన కాగితంలో దాని గురించి ఒక్క ముక్క లేదు.

3. అమెరికాలో కొన్న పెట్టెకు ఇక్కడి రూటర్ కనిపించదు.

విదేశాల్లో పిల్లలున్న తెలుగు కుటుంబాలన్నీ ఇది తెలుసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో అమెరికా పరికరాలు సాధారణంగా 1 నుంచి 11 వరకు ఉన్న చానళ్లనే, అంటే సంకేతాలు నడిచే దారులనే, చూస్తాయి. మన దేశంలో రూటర్లు 13 వరకు వాడుకోవచ్చు. రూటర్ ఖాళీగా ఉన్న చానల్‌ను తనంతట తాను ఎంచుకుంటుంది. అది 12కో 13కో జరిగిన రోజున ఫోన్లు, లాప్‌టాప్‌లు మామూలుగానే పనిచేస్తాయి. అమెరికా పెట్టెకు మాత్రం ఆ ఇంట్లో వైఫై ఉన్నట్టే తెలియదు. మరుసటి రోజు రూటర్ మళ్లీ 6కు వస్తే పాట వస్తుంది. ఇంట్లోవాళ్లకు ఇదంతా పెట్టె పెంకితనంలా కనిపిస్తుంది. అసలు కారణం తెలిసేదాకా మేము స్పీకర్ వైర్లు మార్చాం, ప్లగ్గులు మార్చాం, పెట్టెను గదులన్నీ తిప్పాం. దేశం పేరు ఎంచుకునే సదుపాయం సెట్టింగుల్లో ఇవ్వకపోవడమే దీనికంతటికీ మూలం.

4. ఒక్క పెట్టె కోసం ఇల్లంతటికీ తాళం తీయమంటారు.

వైఫై సంకేతాలను ఇతరులు చదవకుండా కాపాడే పద్ధతిని తాళం అందాం. మా పెట్టెకు తెలిసిన వైఫై తాళం వెప్ ఒక్కటే. ఆ తాళం సులువుగా విరుగుతుందని ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే పరిశోధకులు 2001లోనే చూపించారు. అంతకంటే గట్టి తాళాలు, 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. 2006 మార్చి నుంచి కొత్త పరికరానికి వైఫై ధ్రువీకరణ ముద్ర కావాలంటే డబ్ల్యూపీఏ2 తప్పనిసరి అయింది. బలహీనత బయటపడిన నాలుగేళ్ల తర్వాత కూడా వెప్ మాత్రమే తెలిసిన పరికరాన్ని అమ్మారు, ఆ పైన దాన్ని సరిదిద్దే అప్‌డేట్ ఇవ్వలేదు.

ఫలితం ఏమిటో చూడండి. ఫైబర్ కనెక్షన్ వాళ్లు ఇచ్చిన కొత్త రూటర్‌లో వెప్ లేనే లేదు. పాట కావాలంటే వైఫైకి పాస్‌వర్డ్ తీసేయాలి. అదే వైఫై మీద మేము బ్యాంకు పనులు, పింఛను పనులు చేసుకుంటాం. అతిథుల కోసం ఉండే రెండో వైఫైని తాళం లేకుండా పెడదామంటే, దానికి కలిసిన పరికరాలకు ఇంట్లోని కంప్యూటర్ కనిపించదు, రూటర్ అడ్డుపడుతుంది. ఇక మిగిలింది ఈ ఒక్క పెట్టె కోసం పాత రూటర్ ఒకటి విడిగా నడపడం. కొంతకాలం అదే చేశాం. ఇంటి భద్రతకూ ఇంటి పాటకూ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమని వినియోగదారుణ్ని అడగడం న్యాయం కాదు.

5. తెలుగు అక్షరాల స్థానంలో చతురస్రాలు.

అన్ని భాషల అక్షరాలకు కంప్యూటర్లు ఉమ్మడిగా వాడే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచి ఉంది. ఎంపీ3 ఫైలులో పాట వివరాలు రాసుకునే పద్ధతి 1999 నాటికే యూనికోడ్‌ను అంగీకరించింది. అయినా మా పెట్టె తెర మీద తెలుగు పేర్లన్నీ వరుసగా ఖాళీ చతురస్రాలే. మా అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. చివరికి ఫైళ్లకు 1, 2, 3 అని అంకెలు వేసి, ఏ అంకెకు ఏ కథో ఒక ఎక్సర్‌సైజు పుస్తకంలో తెలుగులో రాసి రిమోట్ పక్కన పెట్టాం. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పుస్తకంలో వేలితో వెతికి, అంకె నొక్కేది. వందల డాలర్లు పోసి కొన్న యంత్రానికి కొద్ది రూపాయల ఎక్సర్‌సైజు పుస్తకం తోడు కావలసి వచ్చింది.

ఇటీవలి పెట్టెల్లో తెలుగు కనిపిస్తోంది, సంతోషం. కానీ తెర మీద వరుసల మధ్య చోటు ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టే ఉంటోంది. ఒత్తులు కింద తెగిపోతున్నాయి, గుడులు పై వరుసకు తగులుతున్నాయి. మాటతో వెతికే రిమోట్‌కు పద్యనాటకాల పేర్లు చెబితే ఏదేదో చూపిస్తుంది. ఈ పని చేయగలిగినవారు మీ సంస్థల్లోనే, హైదరాబాద్ కార్యాలయాల్లోనే ఉన్నారు.

6. కొన్న పాటకూ తాళమే.

మా అన్నయ్య డబ్బు పెట్టి కొన్న కొన్ని పాటలు ఈ పెట్టెలో ఎన్నడూ మోగలేదు. ఆనాడు యాపిల్ దుకాణంలో కొన్న పాటలకు దాని తాళం, మైక్రోసాఫ్ట్ పద్ధతిలో అమ్మిన పాటలకు మరో తాళం ఉండేవి. ఒకదాని తాళంచెవి మరొకదానికి పట్టదు. యాపిల్ 2009లో పాటలకు ఆ తాళం తీసేసింది. ఆ పాఠం పాటలకే పరిమితమైంది. పరికరాల దాకా రాలేదు.

7. చివరికి సర్వరే లేదు.

అసలు కథ ఇది. పాత రూటర్ కాలిపోయింది. కొత్త వైఫై పేరు చెప్పాలంటే పెట్టెను రీసెట్ చేయాలని మాన్యువల్‌లో ఉంది. రీసెట్ అయిన పెట్టె ముందు రిజిస్ట్రేషన్ అడుగుతుంది, అది సంస్థ సర్వర్ దగ్గర పూర్తికావాలి. ఆ సర్వర్ ఇప్పుడు లేదు. "కనెక్ట్ అవుతోంది" అన్న మాట దగ్గర పెట్టె శాశ్వతంగా నిలిచిపోయింది. ఆ తెరను దాటించే మీట రిమోట్‌లో లేదు.

అంతకుముందే ఒకసారి పెట్టె అసలు వెలగకపోతే, మా వీధి చివర రేడియోలు, టీవీలు బాగుచేసే ఆయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన అడాప్టర్ విప్పి, తల ఉబ్బిన ఒక కెపాసిటర్‌ను చూపించి, దాన్ని మార్చారు. పెట్టె వెంటనే వెలిగింది. రీసెట్ తర్వాత మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లాను. మూత తీసి, బోర్డు అంతా మీటర్‌తో పరీక్షించి, "దీనికి జబ్బేమీ లేదండీ, నేను చేయగలిగింది కూడా ఏమీ లేదు" అన్నారు. జబ్బు లేని వస్తువును ఎలక్ట్రానిక్ చెత్తలో వేయమని మీరు చెబుతున్నారు.

ఇది మా ఒక్కరి కష్టమని కొట్టిపారేయడానికి వీల్లేదు. అందరికీ తెలిసిన సంఘటనలు కొన్ని గుర్తుచేస్తాను. మైక్రోసాఫ్ట్ తన ఆన్‌లైన్ పాటల దుకాణం ఎంఎస్‌ఎన్ మ్యూజిక్‌లో అమ్మిన పాటలకు 2008 ఆగస్టు 31 తర్వాత కొత్త కంప్యూటర్లలో అనుమతులు ఇవ్వబోమని ప్రకటించింది. కొన్నవారు గట్టిగా అడిగాక ఆ గడువును 2011 చివరి వరకు పొడిగించింది. 2007లో వచ్చిన మొదటి యాపిల్ టీవీకి 2018 మే 25 నుంచి ఐట్యూన్స్ దుకాణం మూతపడింది. పాత సోనోస్ స్పీకర్లకు 2020 మే నుంచి కొత్త అప్‌డేట్లు ఉండవని ఆ సంస్థ జనవరిలో చెబితే, వచ్చిన నిరసనకు అధినేత బహిరంగంగా క్షమాపణ కోరవలసి వచ్చింది. టీవీకి తగిలించే గూగుల్ స్ట్రీమింగ్ పరికరాలు, రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, 2025 మార్చి 9న ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. గుర్తింపు పత్రంలా పనిచేసే ఒక డిజిటల్ సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువు తీరడమే కారణం. గూగుల్ కొద్ది రోజుల్లో సరిచేసింది. అయితే ఈలోగా రీసెట్ చేసినవారు మరింత ఇబ్బంది పడ్డారు. వస్తువులో ఏదీ అరగకుండా, విరగకుండా, తడవకుండా, ఒక తేదీ దాటినందుకు ఆగిపోవడం అంటే ఏమిటో ఆ రోజు ఎన్నో దేశాల్లో తెలిసింది.

మరోలా కూడా చేయవచ్చని చూపించిన ఉదాహరణ కూడా ఉంది, దాన్ని చెప్పడం నా బాధ్యత. స్లిమ్ డివైసెస్ అనే చిన్న అమెరికా సంస్థ 2003లో స్క్వీజ్‌బాక్స్ అనే వైర్‌లెస్ పాటల పెట్టెను తెచ్చింది. 2006లో లాజిటెక్ ఆ సంస్థను కొన్నది, 2012లో పెట్టెల తయారీ ఆపేసింది, 2024లో ఆన్‌లైన్ సర్వీసు కూడా మూసేసింది. అయినా ఆ పెట్టెలు ఇళ్లలో పాడుతూనే ఉన్నాయి. కారణం, వాటికి పాటలు అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగేది. ఎవరి ఇంటి కంప్యూటర్లో వారు నడుపుకోవచ్చు. లిరియన్ అన్న కొత్త పేరుతో వాడుకదారులే దాన్ని ముందుకు తీసుకెళ్తున్నారు. తయారీ సంస్థ తప్పుకున్నా పరికరం బతకడం సాధ్యమేనని ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

దీనివల్ల నష్టపోతున్నది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. రెండు మూడేళ్లకోసారి కొత్తది కొనుక్కోగలవారికి ఇది చికాకు మాత్రమే. పింఛను మీద బతికే పెద్దవాళ్లకు, పిల్లలు దూరాన ఉన్నవాళ్లకు ఇది రోజువారీ తోడు పోవడమే. కొడుకో కూతురో వేసవి సెలవుల్లో వచ్చి అన్నీ అమర్చి వెళ్తారు. నెల తిరక్కుండా ఏదో అప్‌డేట్ వచ్చి తెర మారిపోతుంది, లేదా మళ్లీ లాగిన్ అడుగుతుంది. ఓటీపీ అమెరికాలో ఉన్న పిల్లల ఫోనుకు వెళ్తుంది. అక్కడ అప్పుడు అర్ధరాత్రి. పాత పెట్టె ఆగిపోయాక అమ్మ కోసం మేము కొన్న కొత్త స్ట్రీమింగ్ పరికరం కూడా ఇదే దారి పట్టింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న హరికథ వినిపించడానికి కూడా ముందు ఖాతా తెరవమంటుంది. ఇంటర్నెట్ లేనప్పుడు మొదటి తెర దాటదు. ఇరవై ఏళ్లలో వేగం పెరిగింది, ధర తగ్గింది. సంస్థ అనుమతి లేనిదే ఇంట్లో పాట మోగని లోపం మాత్రం అలాగే ఉంది.

చిన్న మరమ్మతు దుకాణాల సంగతి వేరే చెప్పాలా? రేడియో, టేప్‌రికార్డర్, టీవీ, డీవీడీ ప్లేయర్, అన్నిటినీ విప్పి చూసి నేర్చుకుని బాగుచేసిన చేతులు ఇప్పుడు "సాఫ్ట్‌వేర్ అండీ" అని ముడుచుకుంటున్నాయి. ఆ పని మీ సర్వీస్ సెంటర్లూ చేయవు. అక్కడ చెప్పేది మార్చుకోమనే.

చట్టం వైపు చూస్తే ఖాళీ ఎక్కడుందో స్పష్టంగా కనిపిస్తుంది. మన ప్యాకేజీ వస్తువుల నిబంధనలు, 2011 ప్రకారం ప్యాకెట్ మీద తయారీదారు పేరు, గరిష్ఠ ధర, తయారైన నెల, ఫిర్యాదుకు వివరాలు ఉండాలి. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద ఎప్పటిలోగా తినాలో రాసి ఉంటుంది. వేల రూపాయల స్ట్రీమింగ్ పెట్టె మీద ఎప్పటిదాకా పనిచేస్తుందో రాసి ఉండదు. 2022 డిసెంబరు 24న మీ శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. వస్తువును బాగుచేయడం ఎంత సులువో చెప్పే మరమ్మతు సౌలభ్య సూచిక మీద కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది, మొదట స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లు అన్నారు. మంచి అడుగులే. వాటిని ఈ పెట్టెల దాకా తీసుకురండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలు అమ్మేవారు భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో ముందే చెప్పి తీరాలి. ఐరోపా యూనియన్ తెచ్చిన సైబర్ రెసిలియెన్స్ చట్టం ప్రకారం 2027 డిసెంబరు నుంచి సాధారణంగా కనీసం ఐదేళ్లు ఆ మద్దతు ఇవ్వాలి. అక్కడ అమ్మేటప్పుడు పాటించే నియమాన్ని అవే సంస్థలు ఇక్కడ ఎందుకు పాటించకూడదు?

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. సర్వర్ సేవలు, భద్రతా అప్‌డేట్లు కనీసం ఏ నెల, ఏ సంవత్సరం వరకు ఉంటాయో అట్ట మీద ధర పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ముద్రించాలి. ఆన్‌లైన్ దుకాణాల్లోనూ అదే చూపించాలి.

2. ఇంట్లోని కంప్యూటర్, పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్కుల్లో ఉన్న పాటలు, వీడియోలు ఖాతా లేకుండా, ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలి. ఈ ఒక్కటి సాధిస్తే మిగతావాటిలో సగం సమస్యలు వాటంతట అవే తీరిపోతాయి. అధికారులు దీన్ని అమ్మకానికి షరతుగా పెట్టాలని గట్టిగా కోరుతున్నాను.

3. సర్వర్ మూసేముందు కనీసం ఒక సంవత్సరం నోటీసు ఇవ్వాలి. మూసే రోజుకు ముందే రిజిస్ట్రేషన్ అడ్డును తొలగించే చివరి అప్‌డేట్ విడుదల చేయాలి. పరికరం ఏ భాషలో సర్వర్‌తో మాట్లాడుతుందో ఆ వివరాలు బయటపెట్టాలి. మీకు అక్కర్లేని దాన్ని వాడుకదారులు నడుపుకుంటారు.

4. నోటీసు ఇవ్వకుండా సర్వర్ మూసి పరికరాన్ని పనికిరాకుండా చేస్తే, దాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తామని శాఖ స్పష్టమైన మార్గదర్శకాలు ఇవ్వాలి.

5. వైఫై తాళం మారినప్పుడు పాత పరికరాలకు కూడా కొత్త తాళం నేర్పాలి. హార్డ్‌వేర్ వల్ల వీలుకాకపోతే ఆ మాట నేరుగా చెప్పి, వైరుతో కలిపే దారి ఉంచాలి. ప్రతి పెట్టెకూ ఒక నెట్‌వర్క్ వైరు రంధ్రం ఉంటే మా ఇంటి గోడలతో, బీరువాలతో పేచీ ఉండదు.

6. కరెంటు పోయి వచ్చాక పరికరం తనంతట తానే వైఫైకి కలవాలి, ఆగిన చోటు నుంచే మొదలుపెట్టాలి.

7. మన దేశంలో వాడే చానళ్లన్నీ చూడగలగాలి. వేరే దేశంలో కొన్నదైనా సెట్టింగుల్లో దేశం మార్చుకునే వీలు ఉండాలి.

8. తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఫైళ్ల పేర్లు ఒత్తులు తెగకుండా కనిపించాలి. లోపం తలెత్తినప్పుడు వచ్చే సందేశాలు కూడా ఆ భాషల్లో ఉండాలి. ఇబ్బంది వచ్చిన క్షణంలోనే మనిషికి తన భాష ఎక్కువ అవసరం.

9. మరమ్మతు చేసేవారికి సర్క్యూట్ వివరాలు, అడాప్టర్లు, పాత సాఫ్ట్‌వేర్ ఫైళ్లు అందుబాటులో ఉంచాలి. ఈ-వ్యర్థాల నిబంధనలు, 2022 తయారీదారుల మీద బాధ్యత పెట్టాయి. చెత్తగా మారాక సేకరించడం కంటే చెత్త కానివ్వకపోవడం మీకూ చవకే.

తెలుగు ఇంజనీర్లకు విడిగా ఒక మాట. అమెరికాలోని శాంటాక్లారాలో ఉన్నా హైదరాబాద్ మాదాపూర్‌లో ఉన్నా, ఈ పెట్టెల లోపలి సాఫ్ట్‌వేర్ రాసేవారిలో, పరీక్షించేవారిలో మన పిల్లలు చాలామంది ఉన్నారు. మీలో ఎంతోమంది ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇవే కొని పంపారు. నిర్ణయాలు మీ చేతుల్లో ఉండవని నాకు తెలుసు. కానీ డిజైన్ మీద చర్చ జరిగే రోజున "మన సర్వర్ లేకపోతే ఇది ఏం చేస్తుంది?" అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ప్రశ్నను పరీక్షల జాబితాలో ఒక వరుసగా చేర్చండి. సర్వర్ తీగ పీకి, రూటర్ ఆపి, తెలుగు పేరున్న ఫైలు ఇచ్చి చూడండి. ఆ పరీక్షలో నిలవని పెట్టెను విడుదల చేయవద్దని రాతపూర్వకంగా చెప్పండి.

సంస్థల యాజమాన్యాల నుంచి నేను కోరేది బహిరంగమైన జవాబు. ప్రస్తుతం మన దేశంలో మీరు అమ్ముతున్న ప్రతి మోడల్‌కు సేవలు ముగిసే తేదీని మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఇప్పటికే మీరు సపోర్ట్ ఆపేసిన మోడళ్లలో రిజిస్ట్రేషన్ తెర దాటనివన్నిటికీ ఆ తెరను తీసేసే అప్‌డేట్‌ను పెన్‌డ్రైవ్ ద్వారానో, వైరు ద్వారానో ఎక్కించుకునేలా ఇవ్వండి. మా ఇంట్లోని పెట్టెకు కావలసింది కూడా అంతే. కొత్త మోడల్ మీద తగ్గింపు కూపన్ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక వినియోగదారు
తెనాలి, గుంటూరు జిల్లా